పడ్డ రోజున అమ్ముకునే అవసరం రాకుండా

(గోదావరిఖనిలో సింగరేణి విశ్రాంత కార్మికుల సమావేశంలో 2025 మార్చిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి పెద్దలందరూ పెన్షన్ సవరణ గురించే మాట్లాడారు. బొగ్గు గనుల పెన్షన్ పథకం 1998లో వచ్చింది. ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున ఎంత ఖాయమైతే బతికినన్నాళ్ళూ అంతే, ధరలతో పాటు పెరిగే డీఏ కలవదు. ఈ బాధ లేని ఇల్లు ఈ హాల్లో లేదు. మీరు అడుగుతున్నది న్యాయమైన కోరిక, అది తీరాలని నేనూ కోరుకుంటున్నాను. అది తీరేదాకా మాత్రం గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్) కింద ఒక్కసారిగా చేతికొచ్చిన పైసలే మీకు అసలు పెన్షన్. ఆ పైసల గురించి మాట్లాడటానికే నన్ను పిలిచారు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. పెన్షన్ కౌంటరు దగ్గర చాలా ఏళ్ళు కూర్చున్నాను. ఈ మధ్య ఇటువైపు నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే తీరుగా ఉంటున్నాయి. "అన్నా, షేర్ల మ్యూచువల్ ఫండ్లో పెట్టిన పైసలు తగ్గుతూనే ఉన్నాయి, తీసెయ్యమంటావా, ఉంచమంటావా?" ఒక్క మాటలో జవాబు చెప్పమంటారు. మీ ఇంటి ఖర్చు ఎంత, అది ఎక్కడి నుంచి వస్తోంది అని తెలియకుండా ఆ జవాబు ఎవరూ చెప్పలేరు. చెప్పేవాడు దొరికితే వాడి దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ముందు జరిగిందేమిటో చూద్దాం. గత సెప్టెంబరు 27న షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 86 వేల దగ్గరకు వెళ్ళింది. ఫిబ్రవరి నెలాఖరుకు 73 వేల చిల్లరకు వచ్చింది. అంటే దాదాపు 15 శాతం తగ్గింది. ఇంకో సూచీ నిఫ్టీ అక్టోబరు నుంచి వరుసగా ఐదు నెలలు నష్టంతో ముగిసింది, 1996 తర్వాత ఇలా జరగడం ఇదే మొదటిసారి. చిన్న కంపెనీల షేర్లు ఇంకా ఎక్కువ పడ్డాయి, 20 శాతానికి మించి. నిరుడు ఎండాకాలంలో "స్మాల్ క్యాప్ అయితే త్వరగా పెరుగుతుంది" అన్న మాట విని పెట్టినవాళ్ళకు ఇవాళ నిద్ర పట్టడం లేదు.

దీనికంటే పెద్ద పతనాలు మన కళ్ళ ముందే జరిగాయి. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు దాటింది. 2009 మార్చి 9న 8,160 దగ్గర ముగిసింది. లక్ష రూపాయలు 40 వేల కిందికి వచ్చాయన్నమాట. 2010 నవంబరులో మళ్ళీ 21 వేలు తాకింది కానీ నిలవలేదు, జారిపోయింది. ఆ గీత దాటి నిలదొక్కుకునేసరికి 2013 చివరికి వచ్చాం. ఆరేళ్ళు. కరోనా అప్పుడు, 2020 మార్చి 23న, ఒక్క రోజులోనే 3,935 పాయింట్లు పోయాయి. జనవరి నుంచి చూస్తే మూడో వంతుకు పైగా పోయింది. అయితే అదే ఏడాది నవంబరుకల్లా మొత్తం తిరిగొచ్చింది. ఒకసారి ఎనిమిది నెలలు, ఒకసారి ఆరేళ్ళు. జపాన్‌లో అయితే 1989 డిసెంబరులో వాళ్ళ నిక్కీ సూచీ 38,915కు చేరి పడిపోయింది, మళ్ళీ ఆ అంకె దాటింది నిరుడు ఫిబ్రవరిలో. 34 ఏళ్ళు పట్టింది. "మార్కెట్ ఎప్పటికైనా లేస్తుంది" అని టీవీలో చెప్పేవాళ్ళు ఆ "ఎప్పటికైనా" ఎంత కాలమో చెప్పరు. డ్యూటీ చేసుకుంటూ నెల జీతం తీసుకుంటున్న మీ అబ్బాయికి ఆరేళ్ళు ఆగడం కష్టం కాదు. అతను నెలనెలా ఫండ్లో ఇంత అని సిప్ కడుతుంటే పడ్డ మార్కెట్లో అదే పైసలకు ఎక్కువ యూనిట్లు, అంటే ఫండ్లో ఎక్కువ వాటాలు, వస్తాయి, అతనికి అది మంచిదే. మనం కట్టే వయసు దాటాం, తీసుకునే వయసులో ఉన్నాం. పతనం మన ఇంట్లో వేరుగా పనిచేస్తుంది. అది ఎలాగో ఒక లెక్క వేసి చూపిస్తాను, ఓపికగా వినండి. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ లెక్కలోనే ఉంది.

ఇద్దరు మనుషులనుకోండి. ఇద్దరికీ తలా 50 లక్షలు ఉన్నాయి, ఇద్దరూ మొత్తం షేర్ల ఫండ్లోనే పెట్టారు. ప్రతి ఏడాది మొదట్లో ఇంటి ఖర్చుకు 4 లక్షలు తీస్తారు. మొదటి మనిషికి వరుసగా ఐదేళ్ళలో మార్కెట్ 30 శాతం పడింది, 10 శాతం పడింది, తర్వాత 15, 20, 25 శాతం చొప్పున పెరిగింది. రెండో మనిషికి అవే అంకెలు తిరగేసి వచ్చాయి. ముందు 25, 20, 15 పెరిగి, తర్వాత 10, 30 పడింది. ఒక్క రూపాయి తీయకుండా ఉంటే ఐదేళ్ళ తర్వాత ఇద్దరి దగ్గరా సమానంగా 54 లక్షల 34 వేలు ఉండేవి. ముందు పడితే ఏమిటి, తర్వాత పడితే ఏమిటి, గుణకారం ఒకటే కదా.

కానీ ఇద్దరూ ఏటా 4 లక్షలు తీశారు. ఐదేళ్ళ తర్వాత మొదటి మనిషికి మిగిలింది 25 లక్షల 88 వేలు. రెండో మనిషికి 38 లక్షల 30 వేలు. ఇద్దరూ తీసింది సమానం, ఇద్దరూ చూసిన మార్కెట్ సమానం, తేడా 12 లక్షలకు పైగా. మొదటి మనిషి ఏ తప్పూ చేయలేదు, అతను దిగిపోయిన ఏడాదే మార్కెట్ పడింది, అంతే. పడ్డ ధరకు యూనిట్లు అమ్మి ఇల్లు నడుపుకున్నాడు. తర్వాత మార్కెట్ లేచినప్పుడు లేవడానికి అతని దగ్గర యూనిట్లే లేవు. విత్తనాలకు దాచిన వడ్లు దంచుకుని తిన్న రైతు పరిస్థితి అది. వాన తర్వాత ఎంత బాగా కురిసినా చల్లడానికి గింజ లేదు.

ఇప్పుడు అదే మొదటి మనిషి కథ కొంచెం మారుద్దాం. దిగిపోయిన రోజే మూడేళ్ళ ఖర్చు, అంటే 12 లక్షలు, విడిగా బ్యాంకులో పెట్టుకున్నాడు. మిగతా 38 లక్షలే ఫండ్లో పెట్టాడు. అదే పాడు మార్కెట్ వచ్చింది. మొదటి మూడేళ్ళు బ్యాంకు పైసలతో ఇల్లు గడిచింది, ఫండు ముట్టుకోలేదు. నాలుగో ఏడాది నుంచి ఫండ్లోంచి తీశాడు. ఐదేళ్ళ చివర మిగిలింది 30 లక్షల 30 వేలు. బ్యాంకు మిత్తి లెక్కలో కలపకుండానే 4 లక్షల 40 వేలు ఎక్కువ. ఒక ఏడాది ఇంటి ఖర్చు కంటే ఎక్కువ అది. అతను మార్కెట్‌ను ముందే కనిపెట్టలేదు, గొప్ప ఫండు ఎంచుకోలేదు. పడ్డ రోజున అమ్ముకునే అవసరం తనకు రాకుండా చూసుకున్నాడు.

మన వయసులో అసలు ప్రమాదం ఇదే. మార్కెట్ పడటం మన చేతిలో లేదు. పడినప్పుడు కిరాణా కొట్టు బిల్లు కట్టడానికి, ఆసుపత్రి బిల్లు కట్టడానికి అమ్మాల్సి రావడం, రాకపోవడం చాలావరకు మన చేతిలోనే ఉంది.

ఎస్‌డబ్ల్యూపీ అని ఒకటి మీలో కొందరికి పెట్టించారు. నెలనెలా ఫండ్లోంచి ఇంత అని మీ ఖాతాలో పడుతుంది. మొన్న ఒక అన్న తన కాగితాలు తెచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సు, పెన్షన్ పేమెంటు ఆర్డరు, వాటి మధ్య నాలుగుగా మడిచిన ఫండు స్టేట్‌మెంటు. "సార్, నెలకు 20 వేలు టైముకు వస్తున్నాయి, ఇది పెన్షన్ లాంటిదే కదా" అన్నాడు. స్టేట్‌మెంటు విప్పి, పైసల గడి పక్కనున్న యూనిట్ల గడి చూపించాను. ధర 100 ఉన్న నెలలో 20 వేల కోసం 200 యూనిట్లు అమ్ముడుపోయాయి. ధర 75కు దిగిన నెలలో అదే 20 వేల కోసం 267 యూనిట్లు పోయాయి. ఆయన ఖాతాలో పడే అంకె మారలేదు, కాబట్టి ఏమీ జరగలేదనుకున్నాడు. యూనిట్లు మాత్రం నెలనెలా ఎక్కువెక్కువ కరిగిపోతున్నాయి. అదే కాగితంలో ఇంకో గడి కూడా ఉంది, నామినీ గడి. ఖాళీగా ఉంది. దాని గురించి తర్వాత చెబుతాను.

ఎస్‌డబ్ల్యూపీ చెడ్డదని నేను అనడం లేదు. షేర్ల ఫండ్లోంచి, అదీ స్మాల్ క్యాప్ ఫండ్లోంచి ఇంటి ఖర్చు నడిపించుకోవడం చెడ్డది. మీకు అలాంటిది ఉంటే రేపే ఆపించి, ఆ ఖర్చుకు వేరే దారి చూడండి.

సరే, ఆ వేరే దారి ఏమిటి? ఒక ఇంటి లెక్క వేద్దాం. మొగుడూ పెళ్ళాం ఇద్దరు, నెల ఖర్చు 32 వేలు. పెన్షన్ 12 వేలు వస్తోంది. లోటు 20 వేలు. దిగిపోయినప్పుడు వచ్చిన వాటిల్లో బిడ్డ పెళ్ళి, ఇంటి అప్పు తీరగా 45 లక్షలు మిగిలాయనుకుందాం.

ముందు 25 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేస్తాం. ఇప్పుడు మిత్తి 8.2 శాతం. మూడు నెలలకోసారి 51,250 రూపాయలు ఖాతాలో పడుతుంది, నెలకు 17 వేల చిల్లర. మనిషికి 30 లక్షల దాకా వేయవచ్చు, 2023 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు 15 లక్షలే ఉండేది. ఇందులో నాకు బాగా నచ్చేది ఏమిటంటే, చేరిన రోజు మిత్తి ఎంత ఉంటే ఐదేళ్ళూ అంతే. 2020 ఏప్రిల్ 1న, మార్కెట్ కుప్పకూలిన వారానికే, ప్రభుత్వం ఈ పథకం మిత్తిని 8.6 నుంచి 7.4కు తగ్గించింది. అంతకు ముందే చేరినవాళ్ళకు మాత్రం 8.6 అలాగే వచ్చింది. మొన్న ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద మిత్తి, 6.25కు తగ్గించింది. ఇకమీద బ్యాంకు డిపాజిట్ల మీద మిత్తి తగ్గే వైపే నడుస్తుందని నా అంచనా. ఈ పథకంలో చేరాలనుకునేవాళ్ళు ఆలస్యం చేయకండి.

ఇక్కడ మన కోల్‌బెల్టు వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. ఈ పథకానికి 60 ఏళ్ళు నిండాలి అని కౌంటర్లో చెప్పి పంపేస్తుంటారు. మెడికల్ అన్‌ఫిట్ అయి కొడుక్కి ఉద్యోగం ఇప్పించి 56, 57 ఏళ్ళకే దిగిపోయిన అన్నలు మనలో ఎంతోమంది ఉన్నారు. 55 దాటి ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్ళు కూడా చేరవచ్చు. రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన మూడు నెలల లోపు, ఆ వచ్చిన డబ్బుకు మించకుండా వేయాలి. కంపెనీ ఇచ్చిన కాగితం జత చేయాలి. ఆ మూడు నెలలు దాటిపోతే 60 వచ్చేదాకా ఆగాల్సిందే. కౌంటర్లో ఉన్న పిల్లవాడికి తెలియకపోతే పోస్ట్‌మాస్టరు గారిని కలవండి.

లెక్కకు వద్దాం. పెన్షన్ 12 వేలు, ఈ మిత్తి 17 వేలు, కలిపి 29 వేలు. ఇంకా 3 వేల లోటు. 5 లక్షలు బ్యాంకులో ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళ డిపాజిట్లుగా విడగొట్టి వేసుకుంటే ఆ మిత్తితో అది చాలావరకు పూడుతుంది, పూడకపోతే ఏటా గడువు తీరేదాంట్లోంచి కొంచెం వాడుకుంటాం. ఇంకో 5 లక్షలు రోగానికీ రొష్టుకూ. ఇది వెంటనే తీసుకునేలా ఉండాలి, దీని మీద ఎక్కువ మిత్తి ఆశించకండి. మొత్తం 35 లక్షలు అయిపోయాయి. మార్కెట్ ఏమైపోయినా ఈ ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది.

మిగిలిన 10 లక్షలు. దీన్ని మార్కెట్లో పెట్టవచ్చు అంటాను నేను.

(సభలో ఒకరు: "అసలు పెట్టుడెందుకు సార్, అదీ పోస్టాఫీసుల వేస్తే పాయె కదా?")

మంచి ప్రశ్న అడిగావన్నా, కూర్చో. చాలామంది మనసులో ఉన్నది ఇదే. దీనికి జవాబు మీ పెన్షన్ పుస్తకంలోనే ఉంది. ఇవాళ నెలకు 32 వేలు ఖర్చవుతున్న ఇంటికి, ధరలు ఏటా 6 శాతం పెరిగితే, పన్నెండేళ్ళకు 64 వేలు కావాలి. మీ పెన్షన్ పన్నెండేళ్ళ తర్వాత కూడా 12 వేలే. ఇవాళ లోటు 20 వేలు, అప్పుడు లోటు 52 వేలు. 25 లక్షల మీద వచ్చే మిత్తి అప్పుడూ ఇంచుమించు అంతే ఉంటుంది, తగ్గినా తగ్గవచ్చు. ప్రభుత్వ స్కూలు టీచరుగా పాత పెన్షన్‌తో రిటైరైన మీ పక్కింటాయనకు డీఏ వస్తుంది, పీఆర్సీ వస్తుంది, ధరలతో పాటు ఆయన పెన్షన్ కొంత నడుస్తుంది. ఆయన మార్కెట్ జోలికి పోకపోయినా బతుకుతాడు. పెన్షన్ కదలని మీకు, 61 ఏళ్ళకు దిగిపోయి ఇంకో పాతికేళ్ళు బతకాల్సిన మీకు, ధరలతో పరుగెత్తే పైసలు కొన్ని ఉండి తీరాలి. మార్కెట్ పడుతుందన్న భయం నిజమైనదే, మొత్తం పోస్టాఫీసులో పెట్టి డెబ్బై అయిదో ఏట చేతిలో చాలక కొడుకు దగ్గర చెయ్యి చాచే ప్రమాదం కూడా అంతే నిజమైనది. రెండోది మెల్లగా వస్తుంది కాబట్టి కనపడదు.

ఇప్పుడు ఆ 10 లక్షలు 2008లా పడ్డాయనుకోండి. 4 లక్షలయ్యాయి. బాధే. కానీ 45 లక్షల్లో 6 లక్షలు తగ్గినట్టు, అది కూడా కాగితం మీద. వంటింట్లో ఒక్క సరుకు ఆగదు. ఆరేళ్ళు ఆగాల్సి వస్తే ఆగగలరు. అదే 45 లక్షలూ అక్కడే ఉండి ఉంటే? 18 లక్షలు మిగిలి, అందులోంచే నెలకు 20 వేలు తీసుకుంటూ ఉంటే? ఆగడం అనే మాటే ఉండదు.

ఆ 10 లక్షలు కూడా ఒక్కరోజులో వేయకండి, ఏడాది ఏడాదిన్నర మీద విడతలుగా వేయండి. సాదా ఇండెక్స్ ఫండు చాలు, దేశంలోని పెద్ద 50 కంపెనీలు అందులో ఉంటాయి, ఖర్చు తక్కువ. స్మాల్ క్యాప్, ఏదో ఒక్క రంగం మీదే పెట్టే ఫండ్లు మన వయసుకు నేను చెప్పను. చిన్న కంపెనీలు పడినప్పుడు కొన్ని తిరిగి లేవవు. మార్కెట్ బాగా పెరిగిన ఏడాది చివర, పెరిగిన దాంట్లోంచి కొంత అమ్మి బ్యాంకు డిపాజిట్లు నింపుకోండి. పడ్డ ఏడాది అటువైపు చూడకండి, డిపాజిట్లతో నడపండి. ఏడాది దాటిన యూనిట్లు అమ్మితే వచ్చిన లాభంలో ఏటా 1,25,000 దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. కాబట్టి ఏటా కొంచెం కొంచెం అమ్ముకోవడం పన్ను లెక్కలో కూడా మంచిదే. అంతకంటే పెద్ద సూత్రాలు అవసరం లేదు. అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆయన 1994లో లెక్కలు వేసి, మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ధరలు పెరిగినంత పెంచుకుంటూ పోతే ముప్ఫై ఏళ్ళు వస్తుందన్నాడు. అది వాళ్ళ మార్కెట్లు, వాళ్ళ ధరల లెక్క. ఎవరైనా మీకు అది చూపించి ఇక్కడ 8 శాతం, 10 శాతం తీసుకోవచ్చని చెబితే నమ్మకండి.

ఇప్పటికే మార్కెట్లో పైసలు పెట్టి ఉన్నవాళ్ళ సంగతి. ఫోన్ చేసి అడుగుతున్నది మీరే కాబట్టి సూటిగా చెబుతాను. ఇవాళ ఇంటికెళ్ళి ఒక కాగితం తీసుకోండి. నెల ఖర్చు, పెన్షన్, లోటు రాయండి. వచ్చే మూడేళ్ళ లోటుకు, ముందే తెలిసిన పెద్ద ఖర్చులకు, అంటే బిడ్డ పెళ్ళి, మోకాలి ఆపరేషను, వాటికి సరిపడా పైసలు మార్కెట్ బయట ఉన్నాయా? ఉంటే, ఫోన్లో ఆ ఫండ్ల యాప్ తీసేసి హాయిగా ఉండండి. 15 శాతం పడటం మార్కెట్‌కు మామూలే. లేకపోతే, అంత మేరకు నష్టానికైనా అమ్మి బయటికి తీయమంటాను. ఈ మాట చాలామంది సలహాదార్లు చెప్పరు. "కొంచెం ఆగండి, లేచాక తీద్దాం" అంటారు. వచ్చే నవంబరులో బిడ్డ పెళ్ళి పెట్టుకుని మార్కెట్ లేవాలని ఎదురుచూడటం పైసలు దాచుకోవడం కాదు, జూదం. ఇప్పుడు 15 శాతం పోయింది, ఇంకో 25 శాతం పోదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కావలసిన మేరకే తీయండి, మిగతాది భయంతో ఊడ్చి తీయకండి. తీసేటప్పుడు స్మాల్ క్యాప్, ఒకే రంగం ఫండ్ల నుంచి ముందు తీయండి. నష్టం వస్తే రిటర్ను గడువు లోపల వేయండి, ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ళ దాకా ముందు ముందు వచ్చే లాభాల్లో తగ్గించుకోవచ్చు.

మార్కెట్ పడినప్పుడల్లా ఇంకో రకం మనుషులు మన గడపలోకి వస్తారు. "షేర్లలో పోయింది కదా, మా దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తి, గ్యారంటీ" అంటారు. ఏడాదికి 24 శాతం ఎవడూ నిజాయితీగా సంపాదించి మీకివ్వలేడు. అగ్రిగోల్డ్‌లో లక్షల కుటుంబాలు ఎలా మోసపోయాయో మీకు తెలుసు. పెద్ద పేరు, మంచి రేటింగ్ చూసి పెట్టినవాళ్ళకూ దెబ్బలు తగిలాయి. డీహెచ్‌ఎఫ్‌ఎల్ అనే పెద్ద గృహరుణాల సంస్థ 2019లో చెల్లింపులు ఆపేసింది, అందులో ఎక్కువ మొత్తం ఫిక్సుడు డిపాజిట్ వేసుకున్న పెద్దవాళ్ళకు పూర్తిగా తిరిగి రాలేదు. 2020 మార్చిలో యెస్ బ్యాంకు ఏటీ1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగలిగే అప్పు పత్రాలు) 8,400 కోట్లకు పైగా ఒక్క దెబ్బకు సున్నా చేశారు. "ఎఫ్‌డీ లాంటిదే, మిత్తి ఎక్కువ" అని విని కొన్న పెద్దవాళ్ళు వాటిలో ఉన్నారు, ఆ కేసు కోర్టుల దాకా వెళ్ళింది. బ్యాంకు డిపాజిట్లకు కూడా ఒక మనిషికి ఒక బ్యాంకులో మిత్తితో కలిపి 5 లక్షల దాకానే బీమా. సహకార బ్యాంకుల్లో పెద్ద మొత్తాలు పెట్టినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. "లాంటిదే" అని ఎవరన్నా అంటే, అయితే అసలుదే ఇవ్వమని అడగండి.

పిల్లల గురించి కూడా చెప్పాలి. నాన్న గ్రాట్యుటీ వచ్చిందని తెలిసి, ఫోన్లో ఆప్షన్లు, అంటే షేర్ల ధరల మీద పందెం లాంటివి, ఆడి పోయినవి తిరిగి రాబట్టుకుంటామని అడిగే కొడుకులు, అల్లుళ్ళు ఉన్నారు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిరుడు సెప్టెంబరులో లెక్కలు బయటపెట్టింది. మూడేళ్ళలో ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారు, అందరిదీ కలిపితే 1,80,000 కోట్లకు పైగా. పిల్లవాడికి చదువుకో, ఇంటికో సాయం చేయడం మీ ఇష్టం. దీనికి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. మొగమాటం వద్దు. మీరు భూమి లోపల ముప్ఫై ఏళ్ళు సంపాదించిన పైసలు అవి.

ఆ అన్న నామినీ గడి దగ్గర ఆగాను కదా. ఇక్కడున్న వదినలకు, అక్కలకు ఇది. నా కౌంటరు దగ్గరకు భర్త పోయిన నెలకో రెండు నెలలకో వచ్చే ఆడవాళ్ళకు, ఇంట్లో ఎంత ఉందో, ఎక్కడుందో తెలిసేది కాదు. కొన్ని పాస్‌బుక్కులు దొరికేవి, ఫండ్లు ఫోన్లో ఉండేవి, ఆ ఫోన్ తెరవడం వచ్చేది కాదు. మార్కెట్ పడి ఉన్న సమయంలో అలా జరిగితే, ఎవరో వచ్చి "అన్నీ అమ్మేసి నాకిచ్చెయ్, నేను చూసుకుంటా" అంటారు. సీనియర్ సిటిజన్ స్కీములో భార్యాభర్తలు జాయింటుగా తెరవవచ్చు. భార్య జాయింటుగా ఉన్నా, ఒక్కతే నామినీగా ఉన్నా, ఆ తర్వాత ఖాతా గడువు దాకా నడుపుకోవచ్చు. ఫండ్లకు, డిపాజిట్లకు, సీఎంపీఎఫ్ పెన్షన్ కాగితాలకు పేర్లు ఒకేలా ఉన్నాయా చూసుకోండి. ఆధార్‌లో ఒక పేరు, కంపెనీ రికార్డులో ఇంకో పేరు ఉండటం మన దగ్గర చాలా ఎక్కువ. మనిషి ఉండగా దాన్ని సరిచేయించుకోవడానికి రెండుసార్లు ఆఫీసుకు తిరిగితే సరిపోతుంది. పోయాక ఏళ్ళు పడుతుంది.

లోటు లెక్క రాసే ఆ కాగితం మొగుడూ పెళ్ళాం కలిసి కూర్చుని రాయండి. ఖర్చు గడి వదినలకు వదిలేయండి, వాళ్ళు చెప్పే అంకే నిజమైన అంకె. సీనియర్ సిటిజన్ స్కీము ఫారాలు, నామినీ మార్పు ఫారాలు ఆ బల్ల మీద పెట్టించాను. భోజనాల తర్వాత నేను ఇక్కడే ఉంటాను. స్టేట్‌మెంటు తెచ్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే రండి, యూనిట్ల గడి కలిసి చూద్దాం. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. మైకు వెనక వరుసకు పంపించండి, అక్కడ అమ్మ చెయ్యెత్తి చాలాసేపయింది.